యుద్ధం గెలిచిన అమెరికా పక్కింటివాడికి ఎందుకు భయపడింది?

1954 వేసవిలో హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త శామ్యూల్ స్టౌఫర్ ఆధ్వర్యంలో ఒక పెద్ద సర్వే జరిగింది. అమెరికా అంతటా ఆరు వేల మందికి పైగా జనాన్ని కలిసి, మీకు దేని గురించి బెంగగా ఉంది అని అడిగారు. డబ్బు, ఆరోగ్యం, పిల్లలు, ఇంటి సమస్యలు... ఎక్కడైనా జనం చెప్పేవే చెప్పారు. దేశంలో కమ్యూనిస్టులున్నారని తమంతట తాముగా బెంగ వెలిబుచ్చినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఎక్కడ చూసినా కమ్యూనిస్టులున్నారని గోల చేస్తున్న సెనేటర్ మెకార్థీ పేరు రోజూ పేపర్లలో మోగుతున్న ఏడాది అది.

అదే జనాన్ని ఇంకో ప్రశ్న అడిగారు. తాను కమ్యూనిస్టునని బాహాటంగా చెప్పుకునే మనిషి మీ ఊరొచ్చి ఉపన్యాసం ఇస్తానంటే ఒప్పుకుంటారా అని. ఒప్పుకుంటామన్నది 27 శాతమే. అలాంటివాణ్ని జైల్లో పెట్టాలన్నవాళ్లు 51 శాతం. తమ జీవితంలో అలా చెప్పుకున్న ఒక్క కమ్యూనిస్టునైనా ఎరిగినవాళ్లు మాత్రం 3 శాతం. మరో పది శాతం మంది, ఫలానావాడి మీద అనుమానం ఉండేది అన్నారు. ఎందుకు అనుమానం అంటే వచ్చిన జవాబులు చదివితే నవ్వాపుకోవడం కష్టం. ఒకరింట్లో గోడమీద రష్యా మ్యాప్ ఉందట. ఒకాయన ఎప్పుడూ ప్రపంచ శాంతి గురించే మాట్లాడతాడట. ఒకావిడకి తన భర్త అన్నో తమ్ముడో, ఆయన మీదే అనుమానం: తాగుతాడు, మోటుగా ఉంటాడు, కమ్యూనిస్టేమో అని.

బెంగ ఎవరికీ లేదు, జైల్లో పెట్టాలని మాత్రం సగంమందికి పైగా అంటున్నారు. ఈ రెండూ ఒకే జనంలో ఎలా ఇమిడాయన్నదే యుద్ధానంతర అమెరికా గురించి అడగాల్సిన ప్రశ్న. అప్పటి అసహనాన్ని జనం గుండెల్లో పుట్టిన ఉన్మాదంగా, ఒక సెనేటర్ రెచ్చగొట్టిన పూనకంగా చెప్పడం అలవాటైపోయింది. ఆ లెక్కన చూస్తే సగమే అర్థమవుతుంది. ఇంటి లీజు, బ్యాంకు లోను నిబంధన, ఉద్యోగి విధేయత ఫైలు, వీసా కోటా పట్టిక... భయం ముందు ఈ కాగితాల మీదికి ఎక్కింది. మనిషికి సొంతంగా భయం లేకపోయినా సంతకం పెట్టాల్సిన కాగితంలో అది ఉంది. పరాయివాడంటే విదేశం నుంచి వచ్చినవాడే అని కూడా కాదు. తనకు కేటాయించిన చోటు దాటి వచ్చిన ప్రతివాడూ పరాయివాడే.

భయానికి నిజమైన కారణాలు లేవని అనడం అన్యాయం. 1949 ఆగస్టులో సోవియట్ యూనియన్ అణుబాంబు పరీక్షించింది. అక్టోబరులో చైనా కమ్యూనిస్టుల పరమైంది. 1950 ఫిబ్రవరి మొదట్లో, అమెరికా అణుబాంబు తయారీలో పనిచేసిన క్లాస్ ఫుక్స్ సోవియట్లకు రహస్యాలు చేరవేసినందుకు లండన్‌లో అరెస్టయ్యాడు. వారం తిరిగేసరికి, ఫిబ్రవరి 9న, వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో జోసెఫ్ మెకార్థీ తన దగ్గర విదేశాంగ శాఖలోని కమ్యూనిస్టుల జాబితా ఉందని ప్రకటించాడు. జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. గూఢచారులు నిజంగానే ఉండేవాళ్లు. దశాబ్దాల తర్వాత బయటపెట్టిన సోవియట్ రహస్య టెలిగ్రాములు ఆ సంగతి నిర్ధారించాయి. కానీ వాళ్లకోసమని వేసిన వలలో పడ్డవాళ్లు వేరు.

ఆ వల వేసింది మెకార్థీ కాదు. ఆయన నోరు తెరవడానికి మూడేళ్ల ముందే, 1947 మార్చి 21న, అధ్యక్షుడు ట్రూమన్ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులందరి విధేయతను పరీక్షించాలని ఉత్తర్వు ఇచ్చాడు. నిందితుడికి తన మీద ఫిర్యాదు చేసింది ఎవరో చెప్పక్కర్లేదు. సాక్షిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించే అవకాశమూ లేదు. అలా నలిగిపోయినవాళ్లలో డొరతీ బెయిలీ అనే నల్లజాతి ఉద్యోగిని ఒకరు. యూనియన్‌లో చురుగ్గా ఉండేది. విచారణ బోర్డు ఆమెను అడిగిన ప్రశ్నల్లో ఒకటి: దాతల రక్తాన్ని తెల్లవాళ్లది, నల్లవాళ్లది అని విడగొట్టడం గురించి రెడ్‌క్రాస్‌కు మీరు ఉత్తరం రాశారా? ఆ రోజుల్లో అమెరికా రెడ్‌క్రాస్ నిజంగానే రక్తాన్ని జాతి వారీగా వేరుచేసేది. 1950 దాకా ఆ పద్ధతి నడిచింది. అది తప్పని ఎవరైనా ఉత్తరం రాస్తే వాళ్ల దేశభక్తి మీద అనుమానం వస్తుందన్నమాట. బెయిలీ ఉద్యోగం పోయింది. కేసు సుప్రీంకోర్టుకెక్కితే 1951లో న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు అయ్యారు. దాంతో కింది కోర్టు తీర్పే నిలిచింది.

ఈ ప్రశ్న ఎవరో ఒక అధికారి తెలివితక్కువతనం అనుకోవడానికి లేదు. జాతి సమానత్వం గురించి మాట్లాడటం, స్వలింగ సంపర్కుడై ఉండటం, రష్యాకు గూఢచారి కావడం: ఈ మూడింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఫైల్లో మూడూ ఒకే గడిలో చేరాయి. 1950 ఫిబ్రవరిలోనే విదేశాంగ శాఖ అధికారి ఒకరు సెనేట్ కమిటీకి, భద్రతకు ముప్పని 91 మంది స్వలింగ సంపర్కులను సాగనంపామని చెప్పాడు. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఉత్తర్వుతో అది ప్రభుత్వమంతటికీ నియమమైంది. 1957లో సైన్యం మ్యాపుల విభాగం నుంచి ఫ్రాంక్ కామెనీ అనే ఖగోళ శాస్త్రవేత్తను అలాగే తీసేశారు. బ్లాక్‌మెయిల్‌కు లొంగిపోతారు కాబట్టి వీళ్లు ప్రమాదకరం అనేది వాదన. రహస్యం బయటపడితే ఉద్యోగం ఊడుతుందన్న భయమే బ్లాక్‌మెయిల్‌కు ఆయుధమని, ఆ భయం పుట్టించింది ఈ నియమమేనని ఎవరూ పట్టించుకోలేదు.

ప్రభుత్వం చేసిందే కింద జనమూ చేశారు. ఇండియానాలో కుస్తీ, బాక్సింగ్ ఆడేవాళ్లు కూడా విధేయతా ప్రమాణం చేయాల్సి వచ్చింది. సిన్సినాటి బేస్‌బాల్ జట్టు 'రెడ్స్' అనే పేరు జనం మరోలా అర్థం చేసుకుంటారని కొన్నేళ్లపాటు 'రెడ్‌లెగ్స్' అయింది. ధనికులను దోచి పేదలకు పెట్టే రాబిన్‌హుడ్ కథ కమ్యూనిజం నేర్పుతుందని 1953లో ఇండియానా పాఠ్యపుస్తకాల కమిషన్ సభ్యురాలు ఒకరు అభ్యంతరం చెప్పారు. అన్నిటికంటే చేదు నవ్వు పుట్టించేది మాడిసన్ సంగతి. 1951 జూలై 4న, స్వాతంత్ర్య దినోత్సవం నాడే, విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో ఒక స్థానిక పత్రికా విలేఖరి పార్కులో నిలబడి పిటిషన్ మీద సంతకాలు అడిగాడు. అందులో ఉన్నది అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలు, రాజ్యాంగ హక్కుల సవరణలు. అంతే. 112 మందిని అడిగితే సంతకం పెట్టింది ఒక్కడు. నువ్వు కమ్యూనిస్టువా అని ఎదురు ప్రశ్నించినవాళ్లు 20 మంది. మిగతావాళ్లంతా అసహనపరులని అనుకోనక్కర్లేదు. ఎక్కడ సంతకం పెడితే ఏ ఫైల్లో తేలుతుందో అని జంకిన మామూలు జనం. స్టౌఫర్ సర్వేలోని వైరుధ్యానికి జవాబు కొంత ఇక్కడే దొరుకుతుంది.

మిగతా జవాబు ఇళ్ల దగ్గర ఉంది.

యుద్ధం ముగిసి లక్షల మంది సైనికులు తిరిగొచ్చేసరికి ఉండటానికి ఇళ్లు లేవు. లెవిట్ అండ్ సన్స్ కంపెనీ న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో 1947లో, తర్వాత పెన్సిల్వేనియాలో 1952 నుంచి, కార్లు తయారు చేసినట్టు ఇళ్లు తయారు చేసింది. ప్రభుత్వ హామీతో లోను, మాజీ సైనికులైతే ముందు కట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. ఫ్యాక్టరీ కార్మికుడు తన వంశంలో మొదటిసారి సొంతింటివాడయ్యాడు. మొదటి లెవిట్‌టౌన్ లీజు కాగితంలో 25వ నిబంధన, తెల్లజాతివాళ్లు తప్ప మరెవరూ ఆ ఇంట్లో ఉండటానికి గానీ వాడుకోవడానికి గానీ వీల్లేదని చెప్పింది. పనివాళ్లకు మాత్రం మినహాయింపు. నల్లావిడ ఆ ఇంట్లో గిన్నెలు తోమొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, కాపురం మాత్రం ఉండకూడదు. పరాయివాళ్లంటే ఒళ్లు జలదరించే భయమే అయితే ఈ మినహాయింపు ఉండేది కాదు.

ఇది ఒక కంపెనీ యజమాని ద్వేషం కూడా కాదు. విలియం లెవిట్ స్వయంగా యూదుడు; యూదులకు ఇళ్లు అమ్మని కాలనీలు అప్పట్లో ఎన్నో ఉండేవి. ఇళ్ల సమస్య తీర్చమంటే తీరుస్తాం, జాతి సమస్య తీర్చమంటే ప్రయత్నిస్తాం, రెండూ కలిపి మాత్రం చేయలేం అన్న అర్థంలో ఆయన మాట్లాడేవాడు. దాని వెనక ఉన్నది ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్. లోన్లకు హామీ ఇచ్చే ఆ ప్రభుత్వ సంస్థ తన మదింపు మాన్యువల్లో, పొసగని జాతులవాళ్లు చేరితే కాలనీలో ఇళ్ల విలువ నిలవదని, అడ్డుకట్టగా ఇలాంటి నిబంధనలు పెట్టుకోవడం మంచిదని 1930లలోనే రాసిపెట్టింది. ఇలాంటి నిబంధనలను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లీజులోంచి ఆ మాటలు పోయాయి, అమ్మకాల పద్ధతి పోలేదు. పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో 17 వేలకు పైగా ఇళ్లు కడితే, కంపెనీ ఒక్కటి కూడా నల్లజాతి కుటుంబానికి అమ్మలేదు.

1957 ఆగస్టులో విలియం, డైసీ మయర్స్ దంపతులు అక్కడ ఒక ఇంటిని, కంపెనీ దగ్గర కాకుండా, దాని యజమాని దగ్గర కొన్నారు. ఆయన యుద్ధంలో పనిచేసొచ్చిన ఉద్యోగి, ఆమె టీచరు, ముగ్గురు చిన్న పిల్లలు. సగటు లెవిట్‌టౌన్ కుటుంబం కంటే చదువు ఎక్కువే తప్ప తక్కువ కాదు. ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్ వాళ్లను చూసి, నల్లవాళ్లు వచ్చేశారని గడప గడపకీ చెప్పుకుంటూ పోయాడు. సాయంత్రానికి ఇంటి ముందు జనం పోగయ్యారు. రాళ్లు పడ్డాయి, ముందు గది పెద్ద కిటికీ అద్దం పగిలింది, ఒక పోలీసు సార్జెంటు రాయి తగిలి స్పృహ తప్పాడు. గవర్నరు రాష్ట్ర పోలీసులను పంపాల్సి వచ్చింది. గుంపు వీధిలో నిలబడకుండా చూస్తే, వెనక వీధిలో ఖాళీగా ఉన్న ఇంట్లో 'క్లబ్బు' పెట్టారు. దానికి, బానిసత్వం కోసం అంతర్యుద్ధం చేసిన దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాల జెండా కట్టి, రాత్రంతా పెద్ద సౌండుతో పాటలు పెట్టేవాళ్లు. మయర్స్ కుటుంబంతో స్నేహంగా ఉన్న పక్కింటి యూదు దంపతుల గోడమీద తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ అక్షరాలు రాశారు. సాయం చేసినవాళ్లూ ఉన్నారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు, కొందరు ఇరుగుపొరుగు వచ్చి కాపలాగా కూర్చున్నారు, పగిలినవి బాగుచేశారు. శరదృతువులో కోర్టు ఉత్తర్వు వచ్చాక గానీ గొడవ సద్దుమణగలేదు.

ఆ రోజుల్లో ఒక పొరుగాయన అన్న మాట తర్వాత చాలామంది రచనల్లోకి ఎక్కింది. మయర్స్ మంచివాడే అయ్యుంటాడు, కానీ ఆయన్ని చూసినప్పుడల్లా నా ఇంటి విలువలోంచి రెండు వేల డాలర్లు రాలిపోతున్నట్టు కనిపిస్తుంది అన్నాడాయన. ఆ ఇళ్ల ఖరీదు సుమారు 12 వేల డాలర్లు, అంటే ఆరో వంతు. ఈ మాటలో ద్వేషం ఎంత, లెక్క ఎంత అని విడదీయడం కష్టం. ఆ లెక్కను ఆయనకు నేర్పింది మాత్రం ప్రభుత్వ మాన్యువలే. నల్లవాళ్లొస్తే విలువ పడిపోతుందని లోన్లిచ్చేవాళ్లు నమ్మితే, వాళ్లు లోన్లివ్వడం ఆపేస్తారు. లోన్లు ఆగితే విలువ నిజంగానే పడిపోతుంది. ముప్ఫయ్యేళ్ల అప్పు నెత్తిన పెట్టుకున్న మనిషికి పక్కింటి కొత్తవాడు ముప్పుగా కనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి? యుద్ధం తర్వాతి సంపద అసహనాన్ని తగ్గించలేదు. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి మొదటిసారి చేతికొచ్చిన జనంలో దాన్ని పెంచింది.

ఇదే తర్కం ఎంత దూరం పోతుందో షికాగో శివారు సిసెరో ఆరేళ్ల ముందే చూపించింది. 1951 జూలైలో హార్వే క్లార్క్ అనే నల్లజాతి బస్సు డ్రైవరు, మాజీ సైనికుడు, అక్కడ అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకున్నాడు. వేలమంది గుమిగూడి సామాను కిందకి విసిరేసి తగలబెట్టారు. నేషనల్ గార్డు దిగింది. తర్వాత గ్రాండ్ జ్యూరీ, అంటే ఎవరి మీద కేసు నడపాలో తేల్చే పౌరుల బృందం, మొదట అభియోగం మోపింది అల్లరిమూక మీద కాదు. క్లార్క్ తరఫు లాయరు మీద, ఇల్లు అద్దెకిచ్చిన యజమానురాలు, మధ్యవర్తుల మీద. నేరం ఏమిటంటే, చుట్టుపక్కల ఆస్తుల ధర తగ్గించడానికి కుట్ర పన్నడం! తర్వాత ఆ అభియోగాలు నిలబడలేదు.

జపాన్ మూలాలున్న అమెరికన్ల విషయంలో కాగితం ఇంకా నేరుగా పనిచేసింది. 1942 ఫిబ్రవరి 19 నాటి అధ్యక్ష ఉత్తర్వుతో దాదాపు లక్షా 20 వేల మందిని పశ్చిమ తీరం నుంచి తరలించి క్యాంపుల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. 1945లో తిరిగి వెళ్లొచ్చన్నారు. వెళ్లినవాళ్లకు కొన్నిచోట్ల ఇళ్ల మీద తుపాకీ కాల్పులు, కొన్నిచోట్ల వాళ్ల పంట కొనేది లేదనే బోర్డులు ఎదురయ్యాయి. ఆరెగాన్‌లోని హుడ్ రివర్‌లో, యుద్ధంలో పనిచేస్తున్న ఊరివాళ్ల పేర్ల బోర్డు నుంచి అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం శాఖ 16 మంది జపాన్ మూలాల సైనికుల పేర్లు చెరిపేసింది. వాళ్లు అప్పటికి అమెరికా యూనిఫాంలోనే ఉన్నారు. దేశమంతా దుమ్మెత్తిపోశాక ఆ పేర్లు మళ్లీ రాశారు.

మెక్సికన్లకు సంబంధించిన కాగితం రెండు నాలుకలతో మాట్లాడింది. 1942 నుంచి 1964 దాకా పొలం పనుల కోసం ప్రభుత్వమే 'బ్రసేరో' ఒప్పందాల మీద మెక్సికో నుంచి కూలీలను రప్పించింది. అదే ప్రభుత్వం 1954లో, ఒక తిట్టు పదాన్నే పేరుగా పెట్టుకున్న 'ఆపరేషన్ వెట్‌బ్యాక్' కింద లారీల్లో, రైళ్లలో, ఓడల్లో జనాన్ని సరిహద్దు దాటించింది. పది లక్షల మందికి పైగా పంపేశామని గొప్పలు చెప్పుకుంది. ఆ అంకె పెంచి చెప్పిందేనని చరిత్రకారులు తేల్చారు. కూలీగా రావచ్చు, పొరుగువాడిగా ఉండకూడదు. లెవిట్‌టౌన్ లీజులో పనిమనిషి మినహాయింపు లాంటిదే ఇదీ.

మనవాళ్లు ఈ పట్టికలో ఎక్కడున్నారో కూడా చూడాలి. 1917 చట్టం భారతదేశం నుంచి వలసను మూసేసింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు 'తెల్లవాళ్లు' కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులంది. 1946లో లూస్–సెల్లర్ చట్టం తలుపు కాస్త తీసింది: పౌరసత్వానికి అర్హత, ఏడాదికి 100 మందికి ప్రవేశం. అన్ని కోట్ల మంది ఉన్న దేశానికి వంద! 1952 మెకారన్–వాల్టర్ చట్టం ఆ పద్ధతిని, ట్రూమన్ వీటో చేసినా లెక్కచేయకుండా, కొనసాగించింది. బ్రిటన్ కోటా 65 వేల పైచిలుకు, భారత్ కోటా 100. ఇంకో మెలిక కూడా ఉంది. యూరోపియన్‌ను పుట్టిన దేశాన్ని బట్టి లెక్కిస్తే, ఆసియావాణ్ని మాత్రం వంశాన్ని బట్టి లెక్కించేవాళ్లు. లండన్‌లో పుట్టిన భారతీయుడు బ్రిటన్ కోటాలోకి రాడు, భారత్ వందలోకే వస్తాడు.

యల్లాప్రగడ సుబ్బారావు ఈ కాగితాల మధ్యే బతికారు. భీమవరంలో పుట్టిన ఆయన 1923లో, అంటే థిండ్ తీర్పు వచ్చిన ఏడాదే, బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. పిల్లల రక్త క్యాన్సర్‌పై మొదటిసారి ప్రభావం చూపిన అమినోప్టెరిన్, తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచి వచ్చాయి. 1948 ఆగస్టులో చనిపోయేనాటికి ఆ దేశంలో పాతికేళ్లున్నారు, అమెరికా పౌరుడు మాత్రం కాలేదు. ఆయనను ఎవరో వీధిలో రాళ్లు వేసి తరిమారని కాదు. ఆ పాతికేళ్లలో ఇరవై రెండు, మూడేళ్లపాటు పౌరసత్వం అడిగే హక్కే చట్టం ఆయనకు ఇవ్వలేదు.

సుబ్బారావు విషయంలో అమెరికా మర్యాద పోగొట్టుకుంటే, చియాన్ షుయెసెన్ విషయంలో ఏకంగా తన కాలు తానే నరుక్కుంది. చైనాలో పుట్టిన ఈ రాకెట్ శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ స్థాపకుల్లో ఒకడు. 1950లో కమ్యూనిస్టు అనే అనుమానంతో రహస్య పరిశోధనలకు దూరం చేశారు, నిర్బంధించారు, ఐదేళ్లు కదలనివ్వకుండా ఉంచి 1955లో చైనాకు పంపారు. ఆయనే అక్కడ క్షిపణుల కార్యక్రమానికి మూలపురుషుడయ్యాడు.

ఇదంతా సడలింది అమెరికన్ల మనసు మారడం వల్లేనా? కొంత అవును, నల్లజాతి ఉద్యమం లేనిదే ఏదీ కదిలేది కాదు. అయితే ప్రభుత్వాన్ని కదిలించింది ఎక్కువగా ప్రచ్ఛన్న యుద్ధపు లెక్కే. విధేయతా పరీక్షలకు సాకైన రష్యా భయమే ఇక్కడ తిరగబడింది. ఆసియా, ఆఫ్రికాల్లో కొత్తగా స్వతంత్రం పొందుతున్న దేశాల ముందు జాతి వివక్ష తలవంపులు తెస్తోందని న్యాయశాఖే, తెల్ల, నల్ల పిల్లలకు వేర్వేరు స్కూళ్ల మీద నడిచిన కేసులో, 1952లో సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. 1956లో కాలిఫోర్నియా నుంచి దలీప్ సింగ్ సౌంద్ కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. 1946 చట్టం రాకపోతే ఆయన పౌరుడే కాలేడు. ఎన్నికైన మరుసటి ఏడాదే ఆయన్ను ఆసియా పర్యటనకు పంపారు, మా దేశం ఇలాంటిది అని చూపించుకోవడానికి. అదే 1957లో లెవిట్‌టౌన్‌లో మయర్స్ ఇంటి మీద రాళ్లు పడ్డాయి.

1965లో దేశాల వారీ కోటాలు రద్దయ్యాయి. దీనివల్ల వచ్చేవాళ్ల పోలిక పెద్దగా మారదని బిల్లు సమర్థకులే సభలో హామీ ఇచ్చారు. బంధువులకు పెద్దపీట వేస్తే యూరోపియన్లే ఎక్కువగా వస్తారని చాలామంది అంచనా. వచ్చింది వేరు. వైద్యులు, ఇంజనీర్లకు కేటాయించిన వీసాల మీద ఆంధ్ర, ఉస్మానియా, గుంటూరు మెడికల్ కాలేజీల పట్టభద్రులు కూడా వెళ్లారు. పుష్కరం తిరిగేసరికి, 1977లో, న్యూయార్క్‌లో తెలుగువాళ్ల తొలి మహాసభలు జరిగాయి.

లెక్క తేల్చుకునే పని మాత్రం సమంగా జరగలేదు. 1988 చట్టంతో అమెరికా ప్రభుత్వం, క్యాంపుల్లో ఉండి ఇంకా బతికున్న జపాన్ మూలాలవాళ్లకు క్షమాపణతోపాటు తలకు 20 వేల డాలర్లు ఇచ్చింది. ఉత్తర్వుకు తేదీ ఉంది, కింద అధ్యక్షుడి సంతకం ఉంది, ఎవరు బాధ్యులో వెతుక్కోనక్కర్లేదు. 1999లో పెన్సిల్వేనియాలో మయర్స్ ఇల్లున్న టౌన్‌షిప్ మేయరు డైసీ మయర్స్‌ను పిలిపించి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మదింపు మాన్యువల్ రాసిన సంస్థ వల్ల ఇల్లు కొనలేకపోయినవాళ్లకు అలాంటి చెల్లింపేదీ జరగలేదు. అది ఉత్తర్వు కాదు, సలహా మాత్రమే. ఆ సలహా నడిచిన కాలంలో 8 వేలకో 12 వేలకో ఇల్లు కొనగలిగిన కుటుంబాలు తర్వాత వాటి మీదే పిల్లల్ని కాలేజీలకు పంపాయి, అమ్మి రిటైరయ్యాయి. కొననివ్వని కుటుంబాలు అదే కాలమంతా అద్దె కట్టాయి.